ముందు చెరువు హద్దు తేల్చండి: పురపాలక శాఖకు, హైడ్రాకు, చెరువుల పరిరక్షణ కమిటీకి బహిరంగ లేఖ

తెలంగాణ పురపాలక శాఖ పెద్దలకు, చెరువుల, ప్రభుత్వ స్థలాల ఆక్రమణలు తొలగించే హైడ్రా కమిషనర్ గారికి, హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) చెరువుల పరిరక్షణ కమిటీ సభ్యులకు నమస్కారం.

మీ అందరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. చెరువు దగ్గర సర్వే చేసేది రెవెన్యూ, నీటిపారుదల శాఖలు. హద్దు ఖరారు చేయాల్సింది 2010లో ఏర్పడ్డ ఈ కమిటీ. ఇంటికి పర్మిషన్ ఇచ్చేది మున్సిపాలిటీ, ప్లాటు రిజిస్టర్ చేసేది సబ్ రిజిస్ట్రార్, కూల్చేది హైడ్రా. పని ఇన్ని చేతుల్లో ఉంది కాబట్టి ఎవరి వాటా గురించి వాళ్లు చెప్తారు, మొత్తం గురించి ఎవరూ చెప్పరు, దాని ఫలితం మాత్రం ఇల్లు కట్టుకున్నవాడి మీదా చెరువు మీదా పడుతోంది.

నేను చెరువు వైపు మనిషిని. 2024 ఆగస్టు 24న మాదాపూర్ తమ్మిడికుంట దగ్గర ఎన్ కన్వెన్షన్ కూల్చినప్పుడు, ఇన్నాళ్లకు పెద్దవాళ్ల దాకా చట్టం వెళ్లిందని సంతోషపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. అంబర్‌పేటలో చెత్త, మట్టి కింద పూడిపోయిన బతుకమ్మకుంటను తవ్వి మళ్లీ నీళ్లు నింపి, 2025 సెప్టెంబరు చివర్లో ప్రారంభించినప్పుడు, కావాలనుకుంటే ఈ ఊళ్లో చచ్చిన చెరువును కూడా బతికించొచ్చని నమ్మకం కలిగింది. ఆ పని ఆగకూడదు. ఆగకూడదనే ఈ ఉత్తరం, ఎందుకంటే ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో పోతే రేపు ఒక్కో కేసూ కోర్టులో ఆగిపోతుంది, జనం విసిగిపోతారు, అసలు ఆక్రమణదారు మాత్రం మంచి లాయర్‌ను పెట్టుకుని హాయిగా ఉంటాడు.

ఒక్కసారి వరస చూడండి. 2024 జూలై 19న జీవో 99తో హైడ్రా వచ్చింది. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) దాకా పరిధి ఇచ్చారు. ఏ చట్టం కింద కూలుస్తున్నారని ప్రశ్నలు వస్తే అక్టోబరులో ఆర్డినెన్స్ తెచ్చి జీహెచ్‌ఎంసీ చట్టంలో 374బి సెక్షన్ చేర్చారు, డిసెంబరులో అసెంబ్లీలో బిల్లు పాసయింది. 2025 మేలో బుద్ధభవన్‌లో హైడ్రాకు సొంత పోలీస్ స్టేషన్ కూడా వచ్చింది. అధికారం, సిబ్బంది, యంత్రాలు, స్టేషన్ అన్నీ ఏడాదిలోపే సమకూరాయి, మంచిదే. మరి చెరువు హద్దు? హెచ్‌ఎండీఏ పరిధిలో 3,532 చెరువులు ఉన్నాయని సర్కారే కోర్టుకు చెప్పింది. వాటిలో చాలావాటికి ప్రాథమిక నోటిఫికేషన్ (అభ్యంతరాలు అడుగుతూ ఇచ్చే తొలి ప్రకటన) దగ్గరే బండి ఆగింది. అన్ని చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) మూడు నెలల్లో ఖరారు చేయమని హైకోర్టు చీఫ్ జస్టిస్ బెంచి 2024 జూలైలోనే, అంటే హైడ్రా పుట్టిన నెలలోనే, ఆదేశించింది. ఆ మూడు నెలలు ఆ ఏడాది అక్టోబరుతో అయిపోయాయి. పని మాత్రం పూర్తి కాలేదు. ఇంకో విషయం కూడా గుర్తుపెట్టుకోవాలి, ఆ ఆదేశం వచ్చిన రామమ్మకుంట కేసు మొదలైందే ఒక ప్రభుత్వ సంస్థ చెరువు బఫర్‌లో, అంటే హద్దు చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో, బిల్డింగ్ కడుతోందన్న ఫిర్యాదుతో.

ఎఫ్‌టీఎల్ అన్న మాట ఇప్పుడు టీవీ చూసే ప్రతి ఇంట్లో వినిపిస్తోంది కానీ అది నేల మీద ఎలా తేలుతుందో ఎక్కువమందికి తెలియదు. చెరువు నిండి అలుగు పోయడం మొదలయ్యే సమయానికి నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో ఆ గీతే ఎఫ్‌టీఎల్. అంటే గీత మొత్తం అలుగు (నిండాక ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే గట్టు) ఎత్తు మీద ఆధారపడి ఉంది. మన చెరువులు లోతైన గుంటలు కావు, కట్ట వైపు తప్ప మిగతా మూడు వైపులా నేల చాలా మెల్లగా లేస్తుంది, కాబట్టి అలుగును ఒక్క అడుగు తగ్గించినా పై వైపు ఎకరాలకు ఎకరాలు బయటపడతాయి. ఎన్నో చోట్ల జరిగింది ఇదే. రాత్రికి రాత్రి అలుగు పగలగొడతారు, లేకపోతే తూము తెరిచి ఉంచుతారు, రెండు ఎండాకాలాలు పోయేసరికి అక్కడ నేల ఎండి గట్టిపడుతుంది, మట్టి పోస్తారు, సున్నం గీతలు పడతాయి, ప్లాట్లు అమ్ముడుపోతాయి. దీనికి ఉల్టా కూడా ఉంది. ఒకప్పుడు వానాకాలంలోనే నిండే చెరువుల్లోకి ఇప్పుడు ఏడాది పొడుగునా డ్రైనేజీ నీళ్లు వస్తున్నాయి, సుందరీకరణ పేరుతో అలుగు ఎత్తు పెంచిన చోట్లూ ఉన్నాయి, దాంతో ఎప్పుడూ మునగని నేల కూడా ఇప్పుడు నీళ్లలో ఉంటోంది. పాత గ్రామ నక్షా ఒక గీత చూపిస్తుంది, సర్వే ఆఫ్ ఇండియా టోపోషీటు ఇంకోటి, జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) ఉపగ్రహ చిత్రం ఏ సంవత్సరంలో ఏ నెలలో తీసిందన్నదాన్ని బట్టి మరోటి. వీటిలో దేన్ని ఆధారం చేసుకున్నారు, ఎందుకు చేసుకున్నారు అన్నది ప్రతి చెరువుకీ రాసి బయటపెట్టాల్సిన బాధ్యత కమిటీదే.

శిఖం పట్టాల సంగతి మరీ ఘోరం. చెరువు లోపలి భూమికి కూడా చాలా చోట్ల పట్టాలున్నాయి, అవి దొంగ పట్టాలు కావు, తాతల కాలం నుంచి నీళ్లు తగ్గినప్పుడు పంట వేసుకునే హక్కు ఉన్నవే. కట్టడాలకు మాత్రం పనికిరావు. బ్రోకరు ఏం చెప్తాడు? పట్టా భూమి, క్లియర్ టైటిల్, ఈసీ చూసుకోండి అంటాడు. కొనేవాడు ఈసీ తీస్తాడు, క్లియర్‌గానే ఉంటుంది, ఎందుకంటే ఈసీలో లావాదేవీలు కనిపిస్తాయి, నీళ్లు కనిపించవు. లింక్ డాక్యుమెంట్లు లాయర్‌కు చూపిస్తాడు, అవీ బాగానే ఉంటాయి. ఇక సామాన్యుడు చేయగలిగింది ఇంకేముంది చెప్పండి.

తర్వాత బఫర్. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు. నాలా పది మీటర్ల కన్నా వెడల్పుంటే 9 మీటర్లు, తక్కువుంటే 2 మీటర్లు. పది హెక్టార్లంటే పాతిక ఎకరాలకు కాస్త తక్కువ. ఇప్పుడు ఒక చెరువు ఇరవై నాలుగు ఎకరాలని ఒక సర్వే, ఇరవై ఆరని ఇంకో సర్వే చెప్పాయనుకోండి, ఆ రెండెకరాల తేడాతో బఫర్ 9 మీటర్ల నుంచి 30 మీటర్లకు దూకుతుంది, చుట్టూ ఉన్న ఒక వరస ఇళ్లన్నీ ఒక్క దెబ్బకు అక్రమం అయిపోతాయి. ఇంత బరువు మోసే గీతను ప్రాథమిక నోటిఫికేషన్ స్థాయిలో ఏళ్లకేళ్లు వదిలేయడం న్యాయమా?

నేను ఉండేది ఊరి అంచున ఒక చెరువు కింద కాలనీ. మా చివరి రెండు వీధులు ఎఫ్‌టీఎల్‌లో ఉన్నాయని ఒక ఆఫీసులోని మ్యాపు చెప్తుంది, లేవని ఇంకో ఆఫీసులోని మ్యాపు చెప్తుంది, రెండింటి మీదా సంతకాలున్నాయి. ఆ వీధుల్లో ఉన్నవాళ్లు పంచాయతీ లేఅవుట్‌లో కొని, లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకానికి (ఎల్‌ఆర్‌ఎస్) దరఖాస్తు పెట్టి, పర్మిషన్ తీసుకుని, బ్యాంకు లోనుతో కట్టుకుని, ఏటా హౌస్ ట్యాక్స్ కడుతున్నారు. రిటైరైన ఒక పెద్దాయన వచ్చిన డబ్బంతా ఇంటి మీదే పెట్టారు. పక్క ఊళ్లో జేసీబీ వచ్చిందని వాట్సాప్‌లో మెసేజ్ వచ్చిన ప్రతిసారీ ఆ వీధిలో ఎవరికీ నిద్ర ఉండదు. శని, ఆదివారాలు వచ్చాయంటే ఇంకా టెన్షన్. ఈ టెన్షన్ ఊరికే పుట్టలేదు. 2024 సెప్టెంబరు 22, ఆదివారం నాడు కూకట్‌పల్లి నల్లచెరువులో, అమీన్‌పూర్‌లో కూల్చివేతలు జరిగాయి, అమీన్‌పూర్ విషయంలో సెలవు రోజున ఎందుకు కూల్చారని హైకోర్టు హైడ్రా కమిషనర్‌నే నేరుగా అడిగింది.

2024 నవంబరు 13న సుప్రీంకోర్టు బుల్డోజర్ల మీద ఇచ్చిన తీర్పు గురించి మా కాలనీ గ్రూపులో చాలామంది ధైర్యంగా రాశారు, ఇక పదిహేను రోజుల నోటీసు లేకుండా ఎవరూ ముట్టుకోలేరని. తీర్పు చదివినవాళ్లకు ఆ ధైర్యం ఉండదు. పదిహేను రోజుల నోటీసు, విచారణ, వీడియో తీయడం, నష్టం జరిగితే అధికారే బాధ్యుడు కావడం, ఇవన్నీ ఉన్నమాట నిజమే. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే లైను పక్కన, నదుల్లో, చెరువుల్లో ఉన్న అక్రమ కట్టడాలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పులో ఉంది. కాబట్టి నా ఇంటికి నోటీసు హక్కు ఉందా లేదా అన్నది కూడా నా ఇల్లు చెరువులో ఉందా బయట ఉందా అన్నదాని మీదే ఆధారపడింది. ఆ హద్దే తేలకపోతే, నోటీసు ఇవ్వాలో వద్దో ఏ చట్టం చూసి నిర్ణయిస్తున్నారు? నా ఉత్తరం మొత్తంలో మీరు ఒక్క ప్రశ్నకే జవాబివ్వాలనుకుంటే దీనికివ్వండి.

హైడ్రా రాకముందే అనుమతులతో కట్టుకుని ఉంటున్న ఇళ్ల జోలికి వెళ్లమని కమిషనర్ గారు ఒకటికి రెండుసార్లు చెప్పారు. ఆ మాట విని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు, నేనూ నమ్ముతున్నాను. కానీ ఆయన మాటగా ఉన్నంతకాలం అది ఆయన ఉన్నంతకాలమే. రేపు బదిలీ అయితే? దాన్ని జీవోగా ఇవ్వండి. ఎవరికి వర్తిస్తుంది, ఏ తేదీ, ఏ పర్మిషన్ లెక్కలోకి వస్తుంది, కమర్షియల్ షెడ్డుకు ఏమిటి, కాలేజీకి ఏమిటి అన్నది రాతపూర్వకంగా ఉండాలి. విద్యా సంస్థలకు విద్యా సంవత్సరం అయ్యేదాకా టైం ఇస్తామన్నప్పుడు, నల్లచెరువు దగ్గర క్యాటరింగ్ షెడ్డు పెట్టుకున్నవాళ్లు సామాను తీసుకోవడానికి టైం ఇవ్వలేదని ఎందుకు ఏడ్చారో కూడా ఆలోచించండి.

ఢిల్లీ వైపు కూడా ఒకసారి చూడాలి, ఎందుకంటే చట్టం పైన మెత్తబడుతూ కింద గట్టిపడుతోందన్న అనుమానం నాకు రోజురోజుకూ పెరుగుతోంది. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని ఉల్లంఘిస్తే అయిదేళ్ల దాకా జైలు ఉండేది, జన్ విశ్వాస్ చట్టంతో 2024 ఏప్రిల్ నుంచి దాన్ని తీసేసి పదివేల నుంచి పదిహేను లక్షల దాకా జరిమానాగా మార్చారు. ముందు ప్రాజెక్టు కట్టేసి తర్వాత పర్యావరణ అనుమతి తెచ్చుకోవడం కుదరదని 2025 మే 16న సుప్రీంకోర్టు వనశక్తి కేసులో తేల్చి చెప్పింది, ఆర్నెల్లు తిరగ్గానే నవంబరు 18న ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు ఆ తీర్పును వెనక్కి తీసుకున్నారు, జస్టిస్ భుయాన్ ఒక్కరే ఒప్పుకోలేదు. వెనక్కి తీసుకోవడానికి చెప్పిన ముఖ్యమైన కారణం, కట్టేసిన వాటిని కూల్చితే వేల కోట్ల ప్రజాధనం వృథా అవుతుందని. సరే, ఆ వాదనలో కొంత బరువు ఉందనే అనుకుందాం. మరి ఇరవై ఏళ్ల ఈఎంఐతో కట్టుకున్న రెండు గదుల ఇంట్లో ఉన్నది వృథా అయినా ఫర్వాలేని డబ్బా? నేను చిన్న ఇళ్లను కూడా అలాగే వదిలేయమనడం లేదు. నీళ్లు నిలిచే చోట ఇల్లు ఉండకూడదు, పెద్ద ప్రాజెక్టు కూడా ఉండకూడదు. తూకం రెండింటికీ ఒకటే ఉండాలి అంటున్నాను.

అసలు ఆక్రమణను ఆపాల్సిన చోటు చెరువు గట్టు కాదు, రిజిస్ట్రేషన్ ఆఫీసు. 2025 ఏప్రిల్‌లో వచ్చిన భూభారతి చట్టంలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్‌కు సర్వే మ్యాపు జతచేసే ఏర్పాటు పెట్టారు, చాలా మంచి పని. మరి చెరువు పక్క ప్లాటుకు, ఫ్లాటుకు ఎందుకు ఉండకూడదు? ఖరారైన ఎఫ్‌టీఎల్, బఫర్ గీతలు సబ్ రిజిస్ట్రార్ కంప్యూటర్‌లో ఉంటే, ఆ గీత లోపలి ప్లాటు రిజిస్ట్రేషన్‌కు వచ్చినప్పుడు అక్కడే ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితా ఉంది కదా అంటారేమో. ఉంది, కానీ సర్వే నంబరులో ఒక మూల చెరువులో ఉంటే మొత్తం నంబరును జాబితాలో పెట్టేస్తున్నారు, మిగతా భూమి ఉన్న రైతు ఏళ్ల తరబడి తిరుగుతున్నాడు, ఇంకో చోట చెరువులో ఉన్న నంబరే జాబితాలో ఉండదు. సర్వే నంబరుతో ఆపకుండా గీత ఎక్కడ కోస్తుందో ఉపవిభాగం వారీగా చూపించాలి.

బిల్డింగ్ పర్మిషన్లకూ అంతే. 2020లో టీఎస్‌-బీపాస్ చట్టం తెచ్చి, చిన్న ప్లాట్లకు సొంత ధ్రువీకరణతో వెంటనే అనుమతి ఇస్తున్నారు. దళారుల బాధ తగ్గింది, నేను మెచ్చుకుంటాను. కానీ నా ప్లాటు చెరువులో లేదని నేను ధ్రువీకరించాలంటే చెరువు ఎక్కడుందో ముందు సర్కారు చెప్పాలి కదా. చెప్పకుండా నా చేత సంతకం పెట్టించుకుని, రేపు తప్పని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చే అధికారం అదే చట్టంలో పెట్టుకున్నారు. ఎల్‌ఆర్‌ఎస్‌లో చూడండి, 2020లో పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు తీసుకున్నారు, ఒక్కోదానికి వెయ్యి రూపాయల ఫీజుతో. చెరువులకు దగ్గరగా ఉన్న సర్వే నంబర్లవి ఎన్‌ఓసీల కోసం ఆగిపోయాయి. హద్దు తేలి ఉంటే అవును, కాదు అని ఒక్క రోజులో చెప్పగలిగిన దరఖాస్తులు అవి.

ఇక సంతకాలు పెట్టినవాళ్ల సంగతి. 2024 ఆగస్టు చివర్లో, చెరువుల్లో పర్మిషన్లు ఇచ్చిన కొందరు అధికారుల మీద హైడ్రా ఫిర్యాదు చేస్తే సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టారు. ఆ రోజు అందరం చప్పట్లు కొట్టాం. ఆ కేసులు ఎక్కడిదాకా వచ్చాయో, ఎవరి మీద చార్జిషీటు పడిందో, శాఖాపరంగా ఏం చేశారో వరసగా వెబ్‌సైట్‌లో పెట్టండి. ఆ ఏడాది డిసెంబరు 17న సుప్రీంకోర్టు మరో తీర్పులో, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా కరెంటు, నీళ్ల కనెక్షన్లు ఇవ్వొద్దని, బ్యాంకులు కూడా అది చూసే లోను ఇవ్వాలని, తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చిన అధికారి మీద చర్య తీసుకోవాలని చెప్పింది. ఆ తీర్పును ఈ రాష్ట్రంలో ఏ సర్క్యులర్‌తో అమలు చేస్తున్నారో కూడా జనానికి తెలియాలి. పర్మిషన్ ఇచ్చిన ఇంటిని సర్కారు తర్వాత తప్పని కూల్చాల్సి వస్తే, ఇంటివాడికి పరిహారం ఇచ్చి, దాన్ని ప్లాట్లు అమ్మిన డెవలపర్ నుంచీ సంతకం పెట్టిన అధికారి నుంచీ రాబట్టాలి. మూసీ గర్భంలో ఉన్నవాళ్లకు కనీసం డబుల్ బెడ్‌రూం ఇల్లు ఇస్తామన్నారు, పర్మిషన్‌తో చెరువు పక్కన కట్టుకున్నవాడికి ఆ మాట కూడా లేదు.

ప్రాథమిక నోటిఫికేషన్ మీద అభ్యంతరాలు తీసుకునే పద్ధతి కూడా మారాలి. హెచ్‌ఎండీఏ వెబ్‌సైట్‌లో చెరువుల పటాలు పెట్టారు, చాలా రాష్ట్రాల్లో ఆ మాత్రం కూడా లేదు, కానీ అక్షాంశ రేఖాంశాల అంకెలతో నిండిన ఆ ఇంగ్లీషు కాయితం చూసి తన ఇల్లు లోపల ఉందో బయట ఉందో చెప్పగలిగినవాళ్లు కాలనీకి ఒకరు కూడా ఉండరు. సర్వే నంబర్లు, ఇంటి నంబర్లతో తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసు గోడ మీద అతికించండి. చెరువు చుట్టూ గీత పొడుగునా రాళ్లు పాతండి, ఎఫ్‌టీఎల్‌కు ఒక రంగు, బఫర్‌కు ఒక రంగు. అలుగు ఎత్తు ఎంతో కట్ట మీదే బోర్డు మీద రాయండి, అప్పుడు ఎవడైనా పగలగొడితే మర్నాడే తెలుస్తుంది. అభ్యంతరం ఇచ్చినవాళ్లను పిలిచి విని, ఎందుకు ఒప్పుకున్నారో ఎందుకు కాదన్నారో రాసి ఇవ్వండి. దుర్గం చెరువు చుట్టూ ఉన్నవాళ్లు కోర్టుకు వెళ్లాకే వాళ్ల అభ్యంతరాలు వినాల్సి వచ్చింది. మొదటే వింటే సరిపోయేది.

తొందరెందుకో నేను చెప్పక్కర్లేదు. 2020 అక్టోబరు వానలకు గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను రోజుల తరబడి నీళ్లలో ఉంచింది. 2025 సెప్టెంబరు చివర్లో మూసీ ఎంజీబీఎస్ బస్టాండులోకి వచ్చింది. మనవి గొలుసుకట్టు చెరువులు, పై చెరువు అలుగు నీళ్లు నాలా మీదుగా కింది చెరువుకు చేరాలి, మధ్యలో నాలా రెండు మీటర్లకు కుదించుకుపోతే కింది కాలనీలో ఎవడి పేపర్లు ఎంత క్లియర్‌గా ఉన్నా నీళ్లు ఆగవు. అందుకే హద్దు అడుగుతున్నాను. అది తేలి మా రెండు వీధులు చెరువులోనే ఉన్నాయని న్యాయంగా రుజువైతే, అలుగు ఎత్తు చూపించి, ఏ నక్షా ఆధారమో చెప్పి, పరిహారం సంగతి తేల్చితే, ఆ వీధులవాళ్లకు నచ్చజెప్పే బాధ్యత మా కాలనీ సంఘం తీసుకుంటుంది. ఈ మాట సంఘం మీటింగులో అనుకునే రాస్తున్నాను.

2025 డిసెంబరులో ఓఆర్ఆర్ చుట్టుపక్కల ఉన్న 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లను జీహెచ్‌ఎంసీలో కలిపారు. పాత ఫైళ్లు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు మారే ఈ సమయంలోనే చెరువుల పటాలు, పాత పర్మిషన్ రికార్డులు పోయే ప్రమాదం ఎక్కువ. వాటిని ముందు స్కాన్ చేసి భద్రపరచండి. ఆ తర్వాత, 3,532 చెరువుల పేర్లతో ఒక పట్టిక పెట్టండి, ఒక్కో పేరు పక్కన ఫైనల్ నోటిఫికేషన్ ఏ తేదీకి ఇస్తారో, ఆ తేదీకి ఏ అధికారి బాధ్యుడో రాయండి. ప్రతి నెల మొదటి వారంలో దాన్ని అప్‌డేట్ చేయండి. మా చెరువుకు సంబంధించిన అభ్యంతరాలు, మా దగ్గరున్న పాత నక్షా నకలుతో సహా మళ్లీ ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం, ఎక్కడ ఎవరికి ఇవ్వాలో చెప్పండి.

ఇట్లు,
చెరువు కింది కాలనీలో ఉంటున్న ఒక ఇంటి యజమాని